ధర్మరాజు జవాబు

"తెలుగు పాఠం చెప్పుకునేదానివి, నీకు తుపాకులతో ఏం పనే అమ్మాయీ?" అని మా పెద్దత్తగారు కనిపించినప్పుడల్లా అడుగుతారు. ఆవిడ ఆశ్చర్యంలో తప్పేమీ లేదు. పొద్దున్న పదింటికి క్లాసులో శకుంతలోపాఖ్యానం చెప్పిన మనిషే సాయంత్రం నాలుగింటికి ఖాకీ బట్టలు తొడుక్కుని, బూట్లు బిగించుకుని, మైదానంలో "సావధాన్!" అని కేక పెడుతూ వుంటే ఎవరికైనా వింతగానే వుంటుంది.

"పేల్చేది పిల్లలు, అత్తయ్యా. వాళ్ళ వెనకాల నిలబడటమే నా ఉద్యోగం" అంటాను.

"నిలబడటం కూడా ఒక ఉద్యోగమేనా?" అంటారావిడ.

ఈ రెండో ప్రశ్నకి నాకు చాలాకాలం జవాబు దొరకలేదు. దొరికిన తరువాత, మీతో చెప్పుకోవాలనిపించింది.

మా కాలేజీలో ఎన్.సి.సి. అమ్మాయిల దళానికి నేను అధికారిణిని. ఎన్.సి.సి. చట్టం 1948లో వచ్చింది; ఆ మరుసటి ఏడే, 1949లో, అమ్మాయిలకి కూడా విభాగం ఏర్పడింది. అంటే ఆడపిల్లలు తుపాకి పట్టడం నిన్న మొన్నటి ముచ్చట కాదన్నమాట. నేను ఈ పనిలోకి వచ్చిన తీరు మాత్రం అంత వీరోచితమైనది కాదు. ఇదివరకు ఆ బాధ్యత చూస్తూండిన ఫిజిక్సు లెక్చరరుగారు రిటైరయినప్పుడు, "ఇకమీదట ఎవరు తీసుకుంటారు?" అని ప్రిన్సిపాలుగారు స్టాఫు మీటింగులో అడిగారు. అందరూ పైన తిరుగుతున్న పంకాకేసి చూశారు. నేను చూడటం కాస్త ఆలస్యమయింది. అంతే! గ్వాలియరు వెళ్ళి శిక్షణ పొంది వచ్చాను. నన్నయ, తిక్కనలతోపాటు 'దాయే ముడ్', 'బాయే ముడ్' కూడా నోటికి పట్టుబడ్డాయి.

పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది ఫైరింగు రోజు కోసం. ఊరి బయట ఎత్తైన మట్టికట్ట. దాని ముందు వరసగా కాగితపు గురిబొమ్మలు. పాతిక గజాల ఇవతల పరచిన చాపలు. కట్ట పక్కన ఎర్రజెండా. ఆ జెండా ఎగురుతున్నంతసేపూ అటువైపు పశువుల కాపరి కూడా రాకుండా నాలుగు మూలలా కాపలా పెడతాం. పిల్లలు బోర్లా పడుకుని, పాయింట్ ట్వంటీటూ రైఫిలుతో తలకి అయిదేసి తూటాలు పేలుస్తారు. తూటా చూడటానికి బొమ్మలాగే వుంటుంది. దాని కొసన వుండే సీసపు గుండు శనగగింజంత. కానీ ఆ శనగగింజ అడ్డు లేకపోతే మైలుకు పైగా పోగలదు. మట్టికట్ట అంత ఎత్తున ఎందుకు పోస్తారో, జెండా ఎందుకు పాతుతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

2022 డిసెంబరులో కాలేజీల మధ్య పోటీ జరిగింది. ఆ రోజు లైను వెనక నిలబడి భద్రత చూసే బాధ్యత నాది. పక్కన సైన్యం నుంచి వచ్చిన హవల్దారుగారు. వరసకి అయిదుగురు చొప్పున పిల్లలు పేలుస్తున్నారు. మధ్యాహ్నం రెండయింది. పులిహోర, పెరుగన్నం తిని వున్నాము. ఎండ చల్లగానే వుంది.

మూడో చాప మీదున్నది మా కాలేజీ పిల్ల. నాలుగు తూటాలు పేల్చింది. నాలుగూ ఒక్క రూపాయిబిళ్ళ కింద దాగిపోయేటంత దగ్గరగా పడ్డాయి! నా చేతిలో దుర్భిణి వుంది. అయిదోది కూడా అక్కడే పడితే కప్పు మాదే. నేను దుర్భిణి కళ్ళకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ఆ కాగితంకేసి చూస్తున్నాను.

ఆ క్షణంలో, చివరనున్న అయిదో చాప మీద మరో పిల్ల ట్రిగ్గరు నొక్కింది. 'టిక్' మన్నదేగాని పేలలేదు. అలా జరిగినప్పుడు ఏం చెయ్యాలో ముందే నేర్పుతాం. రైఫిలు కదపకూడదు. గొట్టం మట్టికట్టవైపే వుంచి, చెయ్యెత్తి, అలాగే ఆగాలి. ఎందుకంటే లోపల మందు ఆలస్యంగా అంటుకుని, కొన్ని క్షణాల తరువాత పేలే ప్రమాదం వుంది. అందుకే అరనిమిషం పాటు కదలవద్దంటాం. ఆ పిల్లకి ఇదంతా తెలుసు. పరీక్షలో రాసింది కూడా. కాని తెలిసినది ఆ క్షణానికి గుర్తుకు రావద్దూ! మోచేతుల మీద పైకి లేచి, నా వైపు తిరిగి, "మేడమ్, ఇది పేలటంలేదు" అన్నది. చేతిలోని రైఫిలు కూడా ఆమెతోపాటే తిరిగింది.

నా వెనక, వంతు కోసం వరసగా కూర్చున్న పిల్లలు పద్నాలుగు మంది.

ఆ పిల్ల మాట విని నేను దుర్భిణి దించేసరికి హవల్దారుగారి చెయ్యి అప్పటికే గొట్టం మీద వుంది. మెల్లగా దాన్ని కిందికి నొక్కి, మట్టికట్టవైపు తిప్పి, పిల్ల వేలు ట్రిగ్గరు మీది నుంచి తీయించాడు. ఆగవలసినంతసేపు ఆగి, బోల్టు వెనక్కి లాగితే తూటా బయటపడింది. అంచు మీద సూది తగిలిన నొక్కు స్పష్టంగా వుంది. పేలలేదు, అంతే.

ఎవరికీ ఏమీ కాలేదు. చాలామంది అసలు గమనించనేలేదు. మా పిల్ల అయిదో తూటా కూడా రూపాయిబిళ్ళలోనే పడింది. కప్పు వచ్చింది. లడ్డూలు పంచారు.

సాయంత్రం సామాను సర్దుకుంటుండగా హవల్దారుగారు నా దగ్గరికి వచ్చి, తనకి వచ్చిన కాస్త తెలుగులో మెల్లగా అన్నాడు: "మేడమ్‌జీ, మీరు టార్గెట్ చూశారు."

ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కునికిపాట్లు పడలేదు, కబుర్లు చెప్పుకుంటూ కూర్చోలేదు, ఫోను చూసుకోలేదు. ఒళ్ళంతా కళ్ళు చేసుకునే వున్నాను. కాని ఆ కళ్ళన్నీ చూడకూడనిచోట వున్నాయి!

* * *

ఆ దిగులు మనసులో అలాగే వుండగా, 2023 వేసవి సెలవుల్లో మా చెల్లెలి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది టెక్సాసులో, డల్లాసు నగరం పొలిమేరల్లో. మా మరిది కంప్యూటరు ఉద్యోగి. వారంలో అయిదు రోజులూ కుర్చీలో కూర్చునే మనిషి. శనివారం వచ్చిందంటే తెల్లవారుజామునే లేచి, టోపీ పెట్టుకుని, మంచినీళ్ళ డబ్బా మోసుకుని ఎక్కడికో బయలుదేరతాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాను.

"తుపాకి ఆటకండీ, వదినగారూ. నేను అక్కడ రేంజి ఆఫీసర్ని. పోటీ నడిపించడం, ఎవరికీ దెబ్బ తగలకుండా చూడటం నా పని."

నా గుండె ఒక్కసారి ఝల్లుమన్నది. "నేనూ వస్తాను" అన్నాను. మా చెల్లెలు విస్తుపోయింది. "వచ్చి మూడు రోజులు కాలేదు, ఊరు చూపిద్దామంటే తుపాకులు చూస్తానంటావేమిటే?" అన్నది. దానికి కథంతా చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఈ ఆటని ప్రాక్టికల్ షూటింగు అంటారు. ఒలింపిక్సులో మనం చూసే పోటీలో మనిషి నిలుచున్నచోటనే నిలిచి, ఎదురుగా వున్న గురిని కొడతాడు. ఇక్కడ అలా కాదు. మూడువైపులా మట్టికట్టలు పోసిన ఆవరణలో చెక్కగోడలు, తలుపులు, కిటికీలు నిలబెడతారు. వాటి చాటున అక్కడక్కడా మట్టిరంగు అట్టబొమ్మలు, దెబ్బ తగిలితే పడిపోయే ఇనపరేకులు. కొట్టకూడని తెల్లబొమ్మలు కూడా మధ్యమధ్య దాక్కుని వుంటాయి. పోటీదారు పిస్తోలుతో ఒకచోటి నుంచి మరోచోటికి పరుగెత్తుతూ వీటన్నిటినీ కొట్టాలి. నడిమధ్య భాగంలో తగిలితే 5 మార్కులు. అసలు తగలకపోతే 10 మార్కులు కోత. వచ్చిన మార్కులని పట్టిన సెకన్లతో భాగిస్తారు. అంచేత గురి ఒక్కటే వుంటే చాలదు, వడి కూడా వుండాలి. 1976లో అమెరికాలోనే మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా పట్టణంలో సమావేశమై, దీనికొక అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పాటు చేసుకున్నారు. జెఫ్ కూపర్ అనే ఆయన మొదటి అధ్యక్షుడు.

తూటాలు నింపిన పిస్తోలు చేత పట్టుకుని, గడియారంతో పోటీపడుతూ పరుగెత్తడం! వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. కాని అక్కడికి వెళ్ళి చూస్తే కోలాహలం కన్న నియమం ఎక్కువగా కనిపించింది. గేటు దాటగానే నా కళ్ళకి గట్టి అద్దాలు, చెవులకి డిప్పలు తగిలించారు. చూడటానికి వచ్చినవాళ్ళకి కూడా అవి తప్పవు. అందరి నడుములకీ పిస్తోళ్ళున్నాయి, అన్నీ ఖాళీవే. ఆఫీసరు చెబితే తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. తుడుచుకోవాలన్నా, సరిచూసుకోవాలన్నా దానికి వేరే బల్ల వుంది. ఆ బల్ల దగ్గర తుపాకి తీయవచ్చు, తూటా తీయకూడదు. బల్లకి ఇవతల తూటా ముట్టుకోవచ్చు, తుపాకి ముట్టుకోకూడదు. ఎంత తేలిక నియమం! మా వంటింట్లో అగ్గిపెట్టె, కిరసనాయిలు డబ్బా ఒకచోట వుంచనిచ్చేది కాదు మా నాయనమ్మ. అదే సూత్రం.

పోటీదారు వచ్చి గీత మీద నిలబడ్డాడు. మా మరిది చేతిలో చిన్న యంత్రం. కూత పెట్టేదీ అదే, ప్రతి మోతనీ విని సెకనులో నూరోవంతు దాకా లెక్కగట్టేదీ అదే. అతను పోటీదారుకి కుడిపక్కన, ఒక్క అడుగు వెనగ్గా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో నిలబడ్డాడు. "లోడ్ అండ్ మేక్ రెడీ" అన్నాడు, తూటాలు నింపుకోమని. "ఆర్ యూ రెడీ?" అన్నాడు. తరువాత "స్టాండ్ బై" అన్నాడు. ఒకటి రెండు క్షణాల నిశ్శబ్దం. కూ! అని కూత. పోటీదారు పరుగు. అతని వెనకాలే నీడలాగ మా మరిది పరుగు.

చూసేవాళ్ళందరం బొమ్మలకేసి చూస్తున్నాము. ఇనపరేకులు టంగుటంగున పడిపోతూంటే చప్పట్లు కొడుతున్నారు. నేనూ మైమరచి చూశాను. అంతా అయిన తరువాత, "అబ్బ, ఆఖరి రేకు ఎంత బాగా కొట్టాడయ్యా!" అన్నాను మరిదితో.

"కొట్టాడా? నేను చూడలేదండీ" అన్నాడతను.

"అదేమిటి? పక్కనే వున్నావుగదా!"

"నేను బొమ్మలు చూడనండీ, వదినగారూ. అవి ఎక్కడికీ పోవు. చిల్లులు తరువాత లెక్కపెట్టుకోవచ్చు. నేను చూసేది రెండే: గొట్టం మూతి ఎటుంది, వేలు ఎక్కడుంది. ఈసారి బొమ్మకేసి కాకుండా నాకేసి చూడండి."

తరువాతి పోటీదారు వచ్చినప్పుడు నేను మరిదినే చూశాను. అతని చూపు పిస్తోలు పట్టుకున్న చేతిని ఒక్క క్షణం కూడా వదలలేదు. పోటీదారు కదిలేటప్పుడూ, తూటాల పెట్టె మార్చుకునేటప్పుడూ వేలు ట్రిగ్గరు మీద వుండకూడదు. బయటకి, స్పష్టంగా కనిపించేటట్టు చాపి వుండాలి. ఎదుటి మట్టికట్టకేసి నిలబడి రెండు చేతులూ బారజాపితే ఒక గీత ఏర్పడుతుంది గదా, గొట్టం మూతి ఆ గీత దాటి వెనక్కి రాకూడదు. చెయ్యి జారి పిస్తోలు కింద పడితే పోటీదారు తీసుకోకూడదు. ఆఫీసరే తీసి ఖాళీ చేయాలి. వీటిలో ఏది తప్పినా, తప్పినవాడు ఎంతటివాడైనా, ఆ రోజుకి ఆట ముగిసినట్టే. బుజ్జగింపులూ, రెండో అవకాశాలూ లేవు.

ఇంకొక సంగతి చెప్పాడు. అన్నిటికన్న భయపడవలసింది పరుగెత్తేటప్పుడు కాదట, అయిపోయిన తరువాతనట. "ఆఖరి బొమ్మ కొట్టగానే మనసు ఇంటికి పోతుందండీ. చెయ్యి మాత్రం ఇంకా తుపాకి పట్టుకునే వుంటుంది" అన్నాడు. అందుకని ఆటగాడు తూటాలు తీసేసి, ఖాళీ గొట్టం చూపించాలి. ఆఫీసరు కళ్ళతో లోపలికి చూడాలి. ఆ పైన మట్టికట్టకేసి గురిపెట్టి ఉత్త ట్రిగ్గరు నొక్కి, ఖాళీదేనని మరొకసారి రుజువు చేయాలి. పిస్తోలు ఒరలో పెట్టిన తరువాతనే "రేంజ్ ఈజ్ క్లియర్" అన్న మాట వస్తుంది. అంతవరకూ ఎవరూ అడుగు ముందుకు వేయరు. తూటాలు తీసిన తరువాత ఇన్ని తతంగాలా అనిపించింది మొదట. పాలు పొంగేది మనం కళ్ళప్పగించి చూస్తున్నప్పుడు కాదు, "ఆ, దింపేశాంలే" అనుకుని గుడ్డ కోసం పక్కకి తిరిగినప్పుడే గదా!

* * *

మధ్యాహ్నం నేను కూడా ఖాళీగా కూర్చోలేక, అట్టబొమ్మల మీద చిల్లులకి కాగితపు బిళ్ళలు అంటిస్తూ తిరిగాను. చేతులు అంటిస్తున్నాయేగాని మనసు మా క్లాసురూములో వుంది.

ప్రతి సంవత్సరం పిల్లలకి చెప్పే కథే. ద్రోణాచార్యులు చెట్టు మీద కృత్రిమ పక్షిని పెట్టి, శిష్యులకి పరీక్ష పెట్టాడు. "ఏం కనిపిస్తోంది?" అని అడిగితే ధర్మరాజు, "చెట్టు కనిపిస్తోంది, పక్షి కనిపిస్తోంది, మీరు కనిపిస్తున్నారు, తమ్ముళ్ళు కనిపిస్తున్నారు" అన్నాడు. పక్కకి పొమ్మన్నాడు గురువు. అర్జునుడు పక్షి తల తప్ప ఇంకేమీ కనిపించటం లేదన్నాడు. నెగ్గాడు. ఏకాగ్రత అంటే అర్జునుడిదని పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆ రోజు దుర్భిణి పట్టుకుని నేను చేసింది కూడా అర్జునుడి పనే. పక్షి తల తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

కాని, ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ ద్రోణుడు ఎటు చూస్తున్నాడు? పక్షినా? కాదు. ఎక్కుపెట్టిన బాణం పట్టుకున్న కుర్రవాళ్ళని. గురి చూసేవాడికి అర్జునుడి జవాబు ఒప్పు. వాడి వెనక నిలబడ్డవాడికి ధర్మరాజు జవాబే ఒప్పు: చెట్టు కనిపించాలి, చుట్టూ వున్నవాళ్ళు కనిపించాలి, తమ్ముళ్ళందరూ కనిపించాలి. ధర్మరాజు తప్పిన పరీక్షలో నెగ్గేవాళ్ళే ఈ ఉద్యోగానికి పనికివస్తారు!

సాయంకాలం మరిదితో ఈ మాట అంటే పగలబడి నవ్వి, జెఫ్ కూపర్ పేరుమీద ప్రచారంలో వున్న నాలుగు సూత్రాలు చెప్పాడు. ఏ తుపాకినైనా తూటా వున్నదిగానే భావించాలి. నాశనం చేయదలచనిదాని మీదికి గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. కొట్టబోయేది ఏమిటో, దాని వెనక ఏముందో నిశ్చయంగా తెలిసి వుండాలి. నాలుగోది వినగానే నాకు దశరథుడు జ్ఞాపకం వచ్చాడు. నీళ్ళలో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేస్తే మునికుమారుడు కూలిపోయాడు. లేడి అనుకుని పాండురాజు కొట్టింది కిందమమునిని. నాలుగో సూత్రం తప్పినందుకే గదా, ఒక రామాయణం, ఒక భారతం!

ఆ రోజే ఇంకొకటి కూడా జరిగింది. దాన్ని నేను మరచిపోలేను.

మా మరిదిని పొద్దున్న తన కారులో తీసుకువచ్చిన స్నేహితుడు ఒకాయన వున్నాడు. అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, చల్లని నవ్వు. చాలా ఏళ్ళుగా ఆడుతున్నాడట. నన్ను కూడా ఎంతో ఆదరంగా పలకరించాడు. ఆయన వంతు వచ్చింది. రెండు కిటికీల బొమ్మలు చకచకా కొట్టాడు. మూడోదానికి వెనక్కి తిరిగి రావాలి. తిరుగుతూంటే చెయ్యి శరీరంతోపాటు తిరిగింది. గొట్టం మూతి గీత దాటింది. ఎంతసేపు? కన్ను మూసి తెరిచేటంతసేపు. చూసేవాళ్ళలో నాకైతే ఏమీ తెలియలేదు.

"స్టాప్!" అన్నాడు మా మరిది.

అందరం నిశ్శబ్దమయిపోయాము. ఆయన అక్కడికక్కడే బిగుసుకుని, వేలు తీసి, గొట్టం కట్టవైపు పెట్టాడు. తూటాలు తీయించారు. మా మరిది మెల్లగా కారణం చెప్పాడు. ఆయన ఒక్క నిమిషం తల దించుకున్నాడు. తరువాత మా మరిది చెయ్యి పట్టుకుని ఊపి, పిస్తోలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఇంటికి పోలేదు. సాయంత్రం దాకా నా పక్కన నిలబడి చిల్లులకి బిళ్ళలు అంటించాడు.

తిరిగి వచ్చేటప్పుడు అదే కారులో ముగ్గురం వచ్చాము. మధ్యలో ఆగి అందరికీ ఐస్‌క్రీము ఇప్పించింది కూడా ఆయనే.

ఇంటికి వచ్చాక, "అంత స్నేహితుణ్ణి! నీకు నోరెలా వచ్చిందయ్యా?" అని అడిగాను.

"రాలేదండీ" అన్నాడు మరిది. "మాట బయటికి వచ్చాకనే అది ఆయనని తెలిసింది. వేలు, గొట్టం చూస్తున్నాను గదా. మొహం చూడలేదు."

* * *

తిరిగి వచ్చాక మా ఫైరింగులో కొన్ని మార్పులు చేశాను. దుర్భిణి బీరువాలో పెట్టేశాను. లైను వెనక నిలబడినప్పుడు నా చేతిలో ఏదీ వుండదు. మార్కులు రాసే పని వేరొకరికి. వంతు కోసం ఎదురుచూసే పిల్లల్ని బాగా వెనక్కి, ఒక పక్కకి జరిపాను. గంటకొకసారి నేనూ మరొక కాలేజీ ఆఫీసరూ మారతాము, ఎందుకంటే కళ్ళు అలిసినట్టు కళ్ళకే తెలియదు. పేలని తూటా వస్తే ఏం చెయ్యాలో పిల్లలచేత రాయించడం మానేసి, ఉత్త రైఫిలుతో పాతికసార్లు చేయించాను. బుర్రకి వచ్చిన పాఠం భయంలో మరచిపోతాము. ఒంటికి వచ్చినది మరచిపోము.

2023 డిసెంబరు క్యాంపులో ఇవన్నీ చక్కగా సాగాయి. అయితే అసలు పరీక్ష ఆఖరి రోజున, నేను ఊహించని వైపు నుంచి వచ్చింది.

బహుమతులు ఇవ్వడానికి ఒక పెద్దమనిషి వచ్చారు. పేరు అనవసరం, మంచివారు, మా కాలేజీకి ఎంతో మేలు చేసినవారు. వెంట పదిమంది పరివారం, ఫొటోగ్రాఫరు. ఫైరింగు అయిపోయింది. రైఫిళ్ళు ఖాళీ చేసి, బోల్టులు తెరిచి, చాపల మీద వరసగా పెట్టాము. ఆయన సరదాగా వచ్చి ఒక రైఫిలు చేతిలోకి తీసుకున్నారు. బోల్టు మూశారు. "ఇటు తిరగండి సార్, నవ్వుతూ!" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయన తిరిగారు. గొట్టం తిరిగింది. అటువైపు మా ప్రిన్సిపాలుగారు, పరివారం, వరసలో నిలబడ్డ నలభైమంది పిల్లలు. వేలు ట్రిగ్గరు మీద వుంది.

అది ఖాళీదని నాకు తెలుసు. నేనే లోపలికి చూశాను. అదొక నలుసంత సందు. ఊరుకోవడానికి అందులో ఎన్నో కారణాలు పడతాయి. పెద్దవారు, అతిథి, ఒక్క ఫొటో, ఇంతలో అయిపోతుంది... కాని ఆ వేలూ, ఆ గొట్టమూ చూస్తున్న కళ్ళకి మొహం కనిపించలేదు.

"స్టాప్!" అన్నాను. పెరేడు మైదానంలో మూడువందలమందికి వినిపించే గొంతుతో.

కాకులు లేచిపోయాయి. "గొట్టం మట్టికట్టవైపు తిప్పండి సార్. వేలు బయటికి తీయండి" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఎవరో వెనక నుంచి, "ఖాళీదే గదమ్మా!" అన్నారు. "ఖాళీ తుపాకి అంటూ ఏదీ లేదండీ" అన్నాను. ఆయన తిప్పారు. హవల్దారుగారు ముందుకు వచ్చి రైఫిలు అందుకుని, బోల్టు తెరిచి చూపించి, మళ్ళీ చాప మీద పెట్టాడు. తరువాత ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, కట్టకేసి గురి పెట్టించి, పక్క నుంచి ఫొటో తీయించాము.

ఆయన లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ, "మా నాన్నగారు పోయాక నన్ను ఇలా కసిరినవాళ్ళు లేరమ్మా" అన్నారు. నవ్వుతూ అన్నారో, నొచ్చుకుని అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. మా ప్రిన్సిపాలుగారు మాత్రం పదిరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

అందరూ వెళ్ళిపోయాక లెక్క మిగిలింది. నలభైమంది పిల్లలు, తలకి అయిదు. ఇచ్చిన తూటాలు 200. పేలిన తరువాత మిగిలే ఇత్తడి డొల్లలు, మా వాడుకలో ఖోకాలు, కూడా 200 రావాలి. 199 వచ్చాయి. పిల్లలందరం గడ్డిలో మోకాళ్ళ మీద పాకి వెతికాము. నాలుగో చాప మడతలో దొరికింది. అప్పుడు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, తమ దగ్గర నిండు తూటాగాని, ఖాళీ ఖోకాగాని లేదని చెప్పి వెళ్ళారు. ముందటేడు రైఫిలు పట్టుకుని నా వైపు తిరిగిన పిల్ల కూడా వాళ్ళలో వుంది. ఇప్పుడు ఆ పిల్లే చిన్నవాళ్ళకి, "పేలకపోతే కదలకు, చెయ్యెత్తు" అని నేర్పుతోంది. ఎర్రజెండా దింపాము.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. పెద్దత్తగారు వచ్చి వున్నారు. బూట్లు విప్పుకుంటూంటే కాఫీ చేతికిచ్చి, "ఇవాళ మీ తుపాకుల దగ్గర ఏమయిందే?" అని అడిగారు.

"ఏమీ కాలేదు అత్తయ్యా."

"పొద్దున్న పోయి రాత్రికి వచ్చావు. ఏమీ కాకపోతే అంతసేపూ ఏం చేస్తున్నావు?"

"అదే చేస్తున్నాను" అన్నాను.